తెలియనిది వోల్టేజీయా, కరెంటా?

హిందూపురంలో ఒక వీధికి త్రీఫేజు లైను నుంచి ఇళ్లకు సింగిల్ ఫేజు కనెక్షన్లు పంచి ఇచ్చారనుకుందాం. గాలివానకు ఎక్కడో న్యూట్రల్ తీగ తెగుతుంది. ఫేజు తీగలు మూడూ బాగానే ఉంటాయి. అప్పుడు గీజరూ ఇస్త్రీ పెట్టె మిక్సీ ఒకేసారి నడిపే ఇళ్ల వరసలో ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, బల్బు ఎర్రగా మినుకుతుంది. ఒక ట్యూబులైటు, ఒక టీవీ తప్ప ఏమీ వేసుకోని ఇళ్లలో మాత్రం ఆ టీవీయే కాలిపోతుంది. ఎక్కువ వాడినవాడికి తక్కువ వోల్టేజీ, తక్కువ వాడినవాడికి నష్టం. ‘హై వోల్టేజీ వచ్చింది’ అని వీధి అంతా అంటుంది గానీ, పైనున్న ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క వోల్టు కూడా ఎక్కువ పంపలేదు. ఈ వింతను విప్పడానికి ఒకే ఒక్క సమీకరణం చాలు, అందులో తెలియని రాశి కూడా ఒక్కటే. అయితే ఆ తెలియని రాశిగా దేన్ని ఎంచుకున్నామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఇళ్లలో పారే కరెంట్లకు పేర్లు పెడితే లెక్క సాగుతుంది, విషయం మాత్రం మరుగున పడుతుంది. తెగిన న్యూట్రల్ బిందువు వోల్టేజీకి పేరు పెడితే జవాబు దానంతటదే బయటపడుతుంది. విద్యుత్ వలయాల సమస్యలకు సమీకరణాలు రాయడం నేర్పేటప్పుడు మన తరగతి గదులు మొదటి దారిని పట్టుకున్నాయి. మొదట నేర్పాల్సింది రెండోది అని నా వాదన.

రెండు దారులూ పాతవే. జార్జ్ ఓమ్ 1827లో వోల్టేజీకీ కరెంటుకీ ఉన్న సంబంధాన్ని పుస్తకంగా ప్రచురించాడు. 1845లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ విద్యార్థి గుస్తావ్ కిర్కాఫ్ తన రెండు నియమాలను రాశాడు. సంధి దగ్గరికి వచ్చిన కరెంటంతా అక్కడి నుంచి వెళ్లిపోవాలన్నది ఒకటి. ఏ మూసిన లూపు చుట్టూ తిరిగి వచ్చినా వోల్టేజీల లెక్క సున్నాకు తేలాలన్నది రెండోది. రెండేళ్ల తరువాత, 1847లో, అసలు ఎన్ని సమీకరణాలు రాస్తే సరిపోతుందో కూడా ఆయనే లెక్క కట్టాడు. ఈ లెక్క మన పిల్లలకు ఎక్కడా గట్టిగా చెప్పకపోవడం వల్లే వాళ్లు నాలుగు లూపులు రాసి, అందులో ఒకటి మిగతావాటి మొత్తమేనని తెలియక, చివరికి 0 = 0 దగ్గర తెల్లమొహం వేస్తారు. ఇంతకీ కిర్కాఫ్ నియమాలు రెండు దారులకూ సమానంగా ఉపయోగపడతాయి. కరెంట్లను తెలియనివిగా పెట్టుకుంటే లూపు సమీకరణాలు వస్తాయి. ముడుల వోల్టేజీలను పెట్టుకుంటే సంధి సమీకరణాలు వస్తాయి. లూపుల్లో తిరిగే ఊహా కరెంట్ల పద్ధతిని మాక్స్‌వెల్ పేరుతోనే చెబుతారు. కానీ అదే మాక్స్‌వెల్ 1873 నాటి తన గ్రంథంలో వాహకాల వ్యవస్థను వివరించినప్పుడు బిందువుల పొటెన్షియళ్లనే తెలియని రాశులుగా తీసుకున్నాడు. ఇంగ్లీషు ‘నోడ్’ అన్న మాటకు మూలార్థం ముడి. పోగును పోగుతో ముడివేసి బతికే ధర్మవరానికి ఈ మాట పరాయిదేం కాదు.

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో పిల్లలు ఈ పాఠాన్ని కలుసుకునే క్రమం చూడండి. ముందు ఓమ్ నియమం, తరువాత శ్రేణి, సమాంతర సంధానాలు, ఆ తరువాత కిర్కాఫ్ నియమాలు, చివర వీట్‌స్టన్ బ్రిడ్జి. ఉదాహరణల్లో ప్రతి శాఖకూ ఒక కరెంటు పేరు, ఒక బాణం గుర్తు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పేరుమోసిన ఘనం లెక్క ఉంది. 12 అంచుల్లో ఒక్కో ఓం నిరోధం, ఎదురెదురు మూలల మధ్య 10 వోల్టుల బ్యాటరీ. సౌష్ఠవం పుణ్యమా అని ఒకే ఒక్క తెలియని కరెంటుతో పని తీరి, మొత్తం నిరోధం 5/6 ఓం అని తేలుతుంది. అందమైన లెక్క, కాదనను. కాని ఆ అందమే పిల్లవాడిని పక్కదారి పట్టిస్తుంది. ఒక్క అంచు నిరోధం మారితే సౌష్ఠవం పోతుంది, దాంతో పాటే ధైర్యమూ పోతుంది. ఏ వలయమైనా చూడగానే ముందు ఎక్కడ కుదించవచ్చు, ఎక్కడ మడతపెట్టవచ్చు అని వెతకడం అలవాటైన చెయ్యి, కుదరని చోట ఆగిపోతుంది.

పెనుకొండ నుంచి ధర్మవరం దాకా కనిపించే ఏ లైనైనా ఇలా కుదరని చోటే. సరళమైన లెక్కతో చూద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 240 వోల్టులు. అక్కడి నుంచి మొదటి స్తంభం దాకా పోనూ రానూ తీగల నిరోధం 0.5 ఓం, అక్కడి నుంచి రెండో స్తంభం దాకా మరో 0.5 ఓం. ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో మరమగ్గాల షెడ్డు. ప్రస్తుతానికి ఒక్కోదాన్ని 20 ఓంల నిరోధం అనుకుందాం, అంటే రెండున్నర కిలోవాట్ల పైచిలుకు. మొదటి స్తంభం దగ్గరి వోల్టేజీ పేరు ‘క’, రెండో దాని దగ్గరిది ‘గ’. ఇక రాయాల్సింది ఒక్కటే మాట, రెండుసార్లు: ఈ ముడికి వచ్చింది, ఈ ముడి నుంచి పోయింది. మొదటి ముడికి (240 − క) / 0.5 = క / 20 + (క − గ) / 0.5. రెండో ముడికి (క − గ) / 0.5 = గ / 20. సాధిస్తే క సుమారు 228.7 వోల్టులు, గ 223.1. నిజమే, ఇంత చిన్న లెక్కను చివరి నుంచి మొదటికి శ్రేణి, సమాంతరాలుగా మడతపెట్టి కూడా చేయవచ్చు, ఇదే జవాబు వస్తుంది. ఇప్పుడు రెండో షెడ్డు యజమాని పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించాడనుకోండి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక ఇది ఊహాజనితమైన సంగతి కాదు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఆ పలకల నుంచి 15 ఆంపియర్లు లైనులోకి వస్తున్నాయంటే, మడతపెట్టే పద్ధతి అక్కడికక్కడే చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఇప్పుడు మూలాలు రెండు. ముడి పద్ధతిలో మారేది ఒక్క పదమే: (క − గ) / 0.5 + 15 = గ / 20. జవాబు: క 235.7, గ 237.2. ముందున్న స్తంభం కంటే వెనకున్న స్తంభంలో వోల్టేజీ ఎక్కువ! రెండు స్తంభాల మధ్య కరెంటు లెక్కకు సుమారు −3.1 ఆంపియర్లు వస్తుంది.

ఆ రుణ గుర్తు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. లూపు పద్ధతిలో ప్రతి శాఖకూ ముందే దిక్కు ఊహించి బాణం వేయాలి. బ్యాటరీని ఏ కొస నుంచి దాటితే ప్లస్, నిరోధాన్ని బాణంతో దాటితే మైనస్, ఎదురుగా దాటితే ప్లస్ అని ఒక గుర్తుల శాస్త్రం కంఠస్థం చేయాలి. ఒక్క చోట తడబడితే చివరి దాకా తప్పే. అందుకే ‘కరెంటు ఎటు పోతుందో ముందే తెలియకపోతే ఎలా రాయడం?’ అన్న భయం. ముడి పద్ధతిలో రాసేది ఎప్పుడూ ఒకే తేడా: ఇక్కడి వోల్టేజీలోంచి అక్కడి వోల్టేజీ తీసివేత. దిక్కును జవాబే చెబుతుంది. ఈ ప్రాంతానికి ఇది పుస్తకాల పట్టింపు కాదు. ధర్మవరానికి దగ్గర్లోని రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు నిలబడ్డాయి. నంబులపూలకుంట సోలార్ పార్కులో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లో పనిచేయడం మొదలుపెట్టింది. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లోకి మాత్రమే పారిన కరెంటు ఇప్పుడు పొద్దున ఒక దిక్కుకు, మధ్యాహ్నం ఇంకో దిక్కుకు పారుతున్న చోట, బాణాన్ని ముందే గీసి మొదలుపెట్టడం నేర్పడంలో అర్థమేముంది?

లెక్కల సంఖ్య కూడా ముడుల వైపే మొగ్గుతుంది. ఒకే స్తంభం నుంచి పది సర్వీసు వైర్లు పది ఇళ్లకు వెళ్లాయనుకోండి. ఉన్నదున్నట్టు లూపులు రాస్తే ఒక్కో ఇంటికీ ఒక్కో కొత్త లూపు, ఒక్కో కొత్త తెలియని రాశి. సర్వీసు వైరు నిరోధాన్ని ఇంటి నిరోధంలో కలుపుకుంటే ముడి ఒక్కటే, వోల్టేజీ ఒక్కటే, సమీకరణమూ ఒక్కటే; దాని కుడివైపున పది పదాలు చేరతాయి, అంతే. మన పంపిణీ లైన్లు అడ్డదిడ్డమైన వలలు కావు, చాలావరకు ఒక కాండం నుంచి కొమ్మలు చీలే చెట్లు. కొమ్మకు చివర వేలాడే ఆకులు ఎన్ని ఉన్నా ముడులు పెరగవు.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన వీధికి తిరిగి వద్దాం. న్యూట్రల్ తెగాక మూడు ఫేజుల ఇళ్లన్నీ కలిసే ఆ ఒక్క బిందువు వోల్టేజీ తప్ప తెలియనిదేమీ లేదు. మూడు ఫేజుల నుంచి వచ్చే కరెంట్ల మొత్తం సున్నా కావాలి కాబట్టి, ఆ బిందువు వోల్టేజీ మూడు ఫేజుల వోల్టేజీల సగటు అవుతుంది. అది ఉత్త సగటు కాదు, ఏ ఫేజు మీద ఎంత లోడు ఉంటే అంత బరువు ఇచ్చి తీసిన సగటు. జాకబ్ మిల్‌మన్ పేరుతో 1940 నుంచి సిద్ధాంతంగా చెలామణి అవుతున్నది ఇదే. ఒక ఫేజు మీద ఐదు పాళ్లు, మిగతా రెండింటి మీద ఒక్కో పాలు లోడు ఉందనుకుందాం. ఫేజులు 120 డిగ్రీల ఎడంగా ఉంటాయి కనుక, మొదటి ఫేజు దిక్కున చూస్తే మిగతా రెండూ చెరి సగం వెనక్కి లాగుతాయి, పక్కలకు లాగేవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 5 లోంచి అర, మరో అర తీసేస్తే 4. మొత్తం పాళ్లు 7. 230 లో ఏడింట నాలుగు వంతులు అంటే సుమారు 131 వోల్టులు. సున్నా మీద ఉండాల్సిన న్యూట్రల్ బిందువు బరువున్న ఫేజు వైపు అంతగా జరిగింది. దాంతో బరువున్న ఫేజు ఇళ్లకు దక్కేది 99 వోల్టులు, తేలికైన రెండు ఫేజుల ఇళ్లకు తగిలేది 317. టీవీ ఎందుకు కాలిందో, ఎవరి టీవీ కాలిందో, పక్క వరసలో ఫ్యాను ఎందుకు నీరసించిందో, మూడు ప్రశ్నలకూ ఒకే జవాబు. ఇదే లెక్కను లూపులతో రాస్తే రెండు తెలియని కరెంట్లు, రెండు సమీకరణాలు కావాలి. సాధించాక కూడా ‘న్యూట్రల్ జరిగింది’ అన్న అసలు మాట కాగితం మీద ఎక్కడా కనిపించదు. ఏసీ వోల్టేజీలను ఇలా దిక్కుతో సహా సంఖ్యలుగా రాసే విద్యను 1893లో స్టైన్‌మెట్జ్ ఇంజనీర్ల చేతికి అందించాడు. సంకీర్ణ సంఖ్యలు ఇంటర్ గణితంలో ఉన్నాయి, వలయాలు భౌతికశాస్త్రంలో ఉన్నాయి. రెండు పీరియడ్ల మధ్య గోడ ఎందుకుందో మరో వ్యాసానికి వదిలేస్తాను.

దీనికి మొదటి అభ్యంతరం బోధకుల నుంచి వస్తుంది: కరెంటు కంటికి కట్టినట్టు ఉంటుంది, పారుతుంది, వోల్టేజీ అమూర్తం, అమూర్తంతో మొదలుపెడితే పిల్లలు బెదురుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. పరిశోధన మాత్రం వేరే చెబుతోంది. 1983లో కోహెన్, ఐలాన్, గనియెల్ అనే ముగ్గురు ఇజ్రాయెల్‌లో జరిపిన అధ్యయనంలో, విద్యార్థులు కరెంటునే మూలంగా, పొటెన్షియల్ భేదాన్ని దాని పర్యవసానంగా భావిస్తున్నారని, ఆ తలకిందుల భావనే తప్పులకు దారితీస్తోందని తేలింది. 1992లో అమెరికాలో మెక్‌డెర్మట్, షాఫర్ ప్రచురించిన పరిశోధన ఇదే జబ్బుకు మరో లక్షణం చూపింది: బ్యాటరీ ఏ వలయానికైనా ఒకే కరెంటు ఇస్తుందని, దారిలో వచ్చిన ప్రతి బల్బూ దాన్ని కొంత కొంత ‘తినేస్తుందని’ పిల్లలు అనుకుంటారు. అంటే కరెంటు కంటికి కట్టడమే చిక్కు. ఇక అమూర్తత సంగతికొస్తే, వానలు అంతగా కురవని ఈ నేల మీద డ్రిప్పు పైపు చూడని రైతుబిడ్డ ఉండడు. లాటరల్ మొదట్లో ప్రెషర్ ఎక్కువ, చివర తక్కువ, చివరి చెట్టుకు నీళ్లు చాలవు. పైన చెప్పిన స్తంభాల లెక్క అక్షరాలా ఇదే. పల్లెలో ఎవరూ ‘మాకు ఆంపియర్లు తక్కువ వస్తున్నాయి’ అనరు, ‘లో వోల్టేజీ’ అంటారు. మనుషుల నోట ముందే ఉన్న రాశిని తెలియని రాశిగా పెట్టుకోవడం తేలిక. నీటి పోలికకు హద్దుంది, పైపు తెగితే నీళ్లు కారిపోతాయి, తీగ తెగితే కరెంటు ఆగిపోతుంది. ఆ హద్దు చెప్పి వాడుకుంటే నష్టం లేదు.

రెండో అభ్యంతరం పరీక్షది. ప్రశ్నాపత్రం వీట్‌స్టన్ బ్రిడ్జిని కిర్కాఫ్ నియమాలతో నిరూపించమంటుంది, పుస్తకం లూపులతోనే నిరూపిస్తుంది. అయితే ల్యాబులో ఆ పిల్లలే మీటర్ బ్రిడ్జి మీద జాకీని జరుపుతూ వెతికేదేమిటి? గాల్వనామీటర్ ముల్లు కదలని చోటు, అంటే రెండు బిందువుల వోల్టేజీ ఒకటైన చోటు. పై కొమ్మలో వోల్టేజీ ఏ నిష్పత్తిలో చీలిందో కింది కొమ్మలోనూ అదే నిష్పత్తిలో చీలిందని రాస్తే రెండు పంక్తుల్లో నిరూపణ అయిపోతుంది, అదీ కిర్కాఫే. ఈ అమరికను 1833లో మొదట వర్ణించింది శామ్యూల్ క్రిస్టీ. 1843లో దాన్ని ప్రసిద్ధం చేసిన వీట్‌స్టన్ ఆ ఘనత క్రిస్టీదేనని ఒప్పుకున్నా, పేరు మాత్రం ఆయనకే అతుక్కుపోయింది. లూపులు గెలిచే చోట్లు లేవని నేననను. ఒకే వరసలో మూడు బ్యాటరీలు, నాలుగు నిరోధాలు ఉన్న వలయానికి లూపు ఒక్కటే, అక్కడ ముడులు లెక్కపెట్టడం చాదస్తం. రెండు పద్ధతులూ తెలిసినవాడే ఎంచుకోగలడు. నా పేచీ రెండింటిలో ఏది ముందన్న దానితోనే.

మూడోది ఈ కాలపు అభ్యంతరం: ఇదంతా కంప్యూటర్ చేస్తుంది కదా, సమీకరణాలు చేత్తో రాయడమెందుకు? 1973లో బర్క్‌లీలో లారెన్స్ నేగెల్ తయారు చేసిన స్పైస్ ప్రోగ్రాము, దాని వారసులు ఇవాళ చిప్పుల నుంచి ఛార్జర్ల దాకా అన్నింటినీ లెక్కిస్తున్నాయి. కాని ఆ ప్రోగ్రాము లోపల ఉన్నది ముడుల పద్ధతే. వోల్టేజీ మూలాలను కూడా అందులో ఇముడ్చుకునే సవరించిన ముడి పద్ధతిని 1975లో హో, రూలి, బ్రెనన్ ప్రచురించారు. ప్రోగ్రాముకు మనం ఇవ్వాల్సింది ఏ వస్తువు ఏ ముడికీ ఏ ముడికీ మధ్య ఉందన్న జాబితా. ఒక ముడికి సున్నా అని పేరు పెట్టి తీరాలి. సున్నాకు ఏ దారీ లేని ముడి ఉంటే ప్రోగ్రాము మొరాయిస్తుంది. మోటారు మెకానిక్కు ఈ సున్నా ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం నుంచి బయటికొచ్చే పెట్రోలు, డీజిలు కార్లలో మామూలు బ్యాటరీ మైనస్ కొస, అన్ని కార్లలో లాగే, బాడీకి బిగించి ఉంటుంది. బాడీ ఎర్త్ సున్నా, దీపాలకు సాధారణంగా ఒక్కో తీగ చాలు. దీపం మసకగా వెలిగితే మెకానిక్కు మల్టీమీటరు నల్ల తీగను బాడీకి ఆనించి, ఎర్ర తీగతో ఒక్కో చోటా వోల్టేజీ చూసుకుంటూ పోతాడు. అది నడుస్తున్న ముడి విశ్లేషణ. కరెంటు చూడాలంటే దారిని విప్పి మీటరు మధ్యలో పెట్టాలి, లేదా క్లాంపు మీటరు కావాలి.

గట్టి అభ్యంతరం వేరే ఉంది, అది నా వాదనను నిజంగా ఇరుకున పెడుతుంది. పైన షెడ్డును 20 ఓంల నిరోధం అనుకున్నాను. బోరుబావి మోటారు అలాంటిది కాదు. నీటిని అంత ఎత్తుకు ఎత్తాల్సిందే కనుక అది అడిగేది దాదాపు ఒకే పవరు. వోల్టేజీ తగ్గితే ఆ లోటును ఎక్కువ కరెంటు లాగి పూడ్చుకుంటుంది. అందుకే లో వోల్టేజీలో వైండింగు కాలుతుంది, రీవైండింగు షాపులకు గిరాకీ తగ్గదు. 240 వోల్టుల మూలం, 1 ఓం లైను, చివర 8,000 వాట్లు, అంటే పది హెచ్‌పీ పైచిలుకు మోటారు. లెక్క సులువు కావడానికి ఒకే ఫేజు అనుకుందాం. చివరి వోల్టేజీ ‘క’ అయితే (240 − క) / 1 = 8000 / క. ఇది వర్గ సమీకరణం. జవాబులు రెండు: 200 వోల్టులు, 40 వోల్టులు. ఇక్కడ ముడి పద్ధతికి ప్రత్యేకమైన గొప్ప ఏమీ లేదు. కరెంటును తెలియనిదిగా పెట్టినా ఇదే వర్గ సమీకరణం 40 ఆంపియర్లు, 200 ఆంపియర్లు అని ఎదురవుతుంది. లోడును ఏ రూపంలో రాశామన్నది తెలియని రాశి ఎంపిక కంటే పెద్ద ప్రశ్న అని ఒప్పుకోవాలి. కరెంటు గ్రిడ్ లెక్కలన్నీ ఈ చిక్కుతోనే నడుస్తాయి. 1956లో వార్డ్, హేల్, 1967లో టిన్నీ, హార్ట్ కంప్యూటర్ మీద వీటిని సాధించే దారులు చూపారు. వాళ్లు తెలియని రాశిగా ఎంచుకున్నది ముడుల వోల్టేజీలనే, అంతమేరకు నా పక్షం. మోటారు పవరును పెంచుకుంటూ పోతే ఈ లైను మీద 14,400 వాట్ల దగ్గర రెండు జవాబులూ 120 వోల్టుల వద్ద కలిసిపోతాయి, ఆపైన జవాబే ఉండదు. ఏ సమీకరణమూ తప్పు రాయకుండానే జవాబు లేకపోవడమంటే ఆ లైను అంత పవరు మోయలేదని. రాష్ట్రంలో వ్యవసాయ మోటార్లకు 11 కేవీ తీగను పొలం దాకా లాగి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను మోటార్ల పక్కనే పెట్టిన హెచ్‌వీడీఎస్ ఏర్పాటు చేసింది ఇదే సమీకరణంలో ఒక్క మార్పు: వోల్టేజీ తెలిసిన ముడిని తెలియని ముడికి దగ్గరగా జరిపింది, మధ్యనున్న 1 ఓం ఓంలో చిన్న వంతు అయింది.

ఇక ఆ 40 వోల్టుల జవాబు. తరగతిలో దాన్ని ‘అసాధ్యం’ అని కొట్టేసి 200 ఉంచుకుంటారు. అసాధ్యమేమీ కాదు. 40 వోల్టులను 200 ఆంపియర్లతో హెచ్చిస్తే 8,000 వాట్లు సరిగ్గా వస్తాయి, కిర్కాఫ్ నియమాలు రెండూ తృప్తిపడతాయి. అక్కడికి చేరకముందే మోటారు ఆగిపోతుంది, లేదా 200 ఆంపియర్లకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీగ కరిగిపోతుంది. మన సమీకరణంలో మాత్రం ఫ్యూజు తీగను మనం రాయలేదు.